వరి నేలలో గోధుమ పడని పిల్లలు

ధవళేశ్వరం అనగానే ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం గోదావరి డెల్టాను వరి సీమగా నిలబెట్టింది. అదే ధవళేశ్వరంలో హార్లిక్స్ కర్మాగారం వెలిసింది. గోధుమపిండి, మొలకెత్తించిన బార్లీ, పాలు కలిపి చేసే ఆ పొడి డెల్టా తల్లులకు పిల్లల బలానికి మారుపేరైంది. ఇటు కంచంలో అన్నం, అటు గ్లాసులో గోధుమ. ఈ సీమలో పిల్లల తిండి ఎలా మారుతూ వచ్చిందో ఆ ఒక్క ఊరు చూస్తే తెలుస్తుంది.

సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లల గురించి ఇక్కడ జరిగే చర్చ ఈ రెంటి మధ్యే చిక్కుపడింది. మనం అన్నం తినేవాళ్లం, అది ఉత్తరాది జబ్బు, మన పిల్లలకు రాదు అనేది ఒక వాదం. రోగాలన్నిటికీ మూలం గోధుమే, అందరూ మానేస్తే సరి అనేది ఇంకో వాదం. మొదటి వాదం జబ్బును కనిపించనివ్వదు. రెండోది దాన్ని బరువు తగ్గే చిట్కాల వరసలో కలిపేస్తుంది. ఈ రెంటి నడుమ నలిగేది నిజంగా జబ్బున్న బిడ్డే. ఈ పిల్లలను పెంచడానికి డెల్టా వంటిల్లు దేశంలో చాలా ప్రాంతాలకన్నా అనువైనది. తిండి దొరకడం ఇక్కడ పెద్ద కష్టం కాదు. జబ్బు ఉందని నమ్మించడమే కష్టం.

‘పడదు’ అన్న మాట వెనక

మన వాడుకలో ‘గోధుమ పడదు’ అన్న మాట మూడు వేర్వేరు స్థితులకు సరిపోతుంది. మొదటిది గోధుమ ఎలర్జీ. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. రెండోది సీలియాక్. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి చిన్నపేగులోకి చేరినప్పుడు, శరీర రక్షణ వ్యవస్థ తన పేగు గోడ మీదే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే నూగులాంటి పొర అరిగి చదునైపోతుంది. మూడోది ఈ రెండూ కాకుండా గోధుమ తిన్నప్పుడల్లా కడుపులో ఇబ్బంది పడడం.

గోధుమ ఎలర్జీ చాలామంది పిల్లలకు పెద్దయ్యేసరికి తగ్గుతుంది. సీలియాక్ తగ్గదు, జీవితాంతం ఉంటుంది. దానికి మందు లేదు, పథ్యమే వైద్యం. ఎలర్జీ తెలిసిన వైద్యుడో బంధువో ‘కొంచెం కొంచెం అలవాటు చెయ్యండి’ అని సీలియాక్ బిడ్డకు సలహా ఇస్తే, మంచి మనసుతోనే ఆ బిడ్డ పేగుకు హాని చేసినట్టవుతుంది.

లక్షణాలూ ఒక్క తీరున ఉండవు. కొందరికి నెలల తరబడి విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్లు చేతులు. కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు. ఎత్తు పెరగరు, ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు తాగినా రక్తం పట్టదు, పళ్ల మీద పింగాణీ పొర సరిగా ఏర్పడదు, ఈడొచ్చినా ఎదుగుదల కనిపించదు.

అరటిపండు నుంచి రక్తపరీక్ష దాకా

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ జీ ఈ జబ్బును వివరంగా వర్ణించి, నయమంటూ అయితే తిండి మార్పుతోనే అవుతుందని రాశారు. ఏ తిండి అన్నది ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టారు. చావుకు దగ్గరైన పిల్లలు కోలుకున్నారు. రావులపాలెం అరటి మార్కెట్ చూసిన మనకు ఆ వైద్యం ముచ్చటగానే తోస్తుంది. అయితే పిల్లలను బతికించింది అరటిపండు మహిమ కాదు, దానితో పాటు రొట్టె మానిపించడం. అది తెలియక, నయమైపోయిందనుకుని మళ్లీ రొట్టె పెట్టినవాళ్లు ఎందరో.

అసలు కారణాన్ని పట్టుకున్నది డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం డికె. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగి రాగానే జబ్బు పడ్డారు. అంతకుముందే ఆయనకున్న అనుమానానికి ఇది బలమిచ్చింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో గోధుమే కారణమని చూపారు. 1950ల మధ్యకల్లా గొట్టం వేసి పేగు ముక్క తీసే పద్ధతి వచ్చింది. శరీరం దాడి చేసేది టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ మీదనని 1997లో జర్మనీలో కనిపెట్టాక, రక్తపరీక్షతోనే అనుమానం తేల్చుకునే వీలు కలిగింది.

మన దేశంలో ఉత్తరాది పిల్లల్లో ఈ జబ్బు ఉందని వైద్య పత్రికల్లో 1966లోనే వచ్చింది. దక్షిణాదిలో ఆ రోజుల్లో పరిశోధకుల దృష్టి వేరే జబ్బు మీద ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూను శ్రద్ధగా పరిశీలించారు. అదీ తిన్నది వంటబట్టనివ్వని జబ్బే. ఆయుర్వేదంలో గ్రహణి అన్న పేరు ముందే ఉంది. బిడ్డకు తిన్నది ఒంటబట్టకపోతే చెప్పుకోవడానికి ఇన్ని కారణాలు చేతిలో ఉన్నప్పుడు, సీలియాక్ అన్న ఆలోచన వైద్యుల వరసలో చివరికి వెళ్లిపోయింది.

దక్షిణాదిలో ఉన్నట్టా, లేనట్టా?

ఈ వాదానికి అంకెలిచ్చిన పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. అంటే ఉత్తరాదిలో వందకు ఒకరికి పైన, దక్షిణాదిలో వెయ్యికి ఒకరు.

‘మనకు లేదు’ అనే వాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. ఈ జబ్బు రావడానికి డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువుల్లో ఒకటైనా ఉండాలి. అవి ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలో 36.4 శాతం మందిలో ఉన్నాయి. పుట్టుకతో వచ్చే అవకాశం దాదాపు సమానమే. మరి తేడా ఎక్కడ? రోజుకు తినే గోధుమలోనని ఒక సమాధానం: ఉత్తరాదిలో సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. ఇంతటితో కథ కంచికి చేరాలి. కానీ ఈశాన్యంలో తినేది 37 గ్రాములే, జబ్బు మాత్రం దక్షిణాదికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గోధుమ పరిమాణం ఒక్కటే కారణమనే వాదం ఇక్కడ కుంటుపడుతుంది. ఇతర జన్యువులా, చిన్ననాటి అంటురోగాలా, పేగుల్లోని సూక్ష్మజీవులా అన్నది తెగలేదు.

పైగా ఈ లెక్కలు పెద్దవాళ్లవి. డెల్టా పిల్లల తిండి వాళ్ల తాతల తిండి కాదు. అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకని ఇస్తూ వచ్చిన బాలామృతం పొడిలో ప్రధాన ధాన్యం గోధుమే. ఆ తర్వాత పాలల్లో బిస్కెట్, జ్వరమొస్తే బ్రెడ్డు, ఒళ్లు వేడి చేసిందంటే బార్లీ నీళ్లు, సాయంత్రం నూడుల్స్, తాతయ్యకు షుగరని ఇంటిల్లిపాదికీ రాత్రి చపాతీ. పాతికేళ్ల కిందట డెల్టాలో ఏ పసిబిడ్డ కడుపులోకీ ఇంత గ్లూటెన్ వెళ్లి ఉండదు. వెయ్యికి ఒకరన్న లెక్క ఈ తరానికి పనికొస్తుందని నమ్మడానికి నాకు ఆధారం కనిపించడం లేదు. వెయ్యికి ఒకరే అయినా, వెయ్యిమంది చదివే ప్రతి హైస్కూల్లో ఒక బిడ్డ ఉన్నట్టే కదా.

తక్కువగా తినడం వల్ల ఇంకో చిక్కు ఉంది. రోజూ రొట్టె తినే పంజాబ్ పిల్లవాడికి జబ్బు గట్టిగా బయటపడుతుంది. వారంలో నాలుగు రోజులే గోధుమ తినే కోనసీమ పిల్లకు అది రక్తహీనతగానో పొట్టితనంగానో ఉండిపోతుంది. రక్తహీనత ఇక్కడ వింత కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి అది ఉంది. ఇంతమందిలో ఐరన్‌కు లొంగనిది ఎవరిదో వెతికే పని ఎవరికీ అప్పగించలేదు. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం వెతికే జబ్బుల జాబితాలో సీలియాక్ లేదు.

పరీక్షకు ముందు మానెయ్యకూడదు

తల్లిదండ్రులు మంచికని చేసే పొరపాటు ఒకటుంది. అనుమానం రాగానే గోధుమ ఆపేస్తారు. బిడ్డ కాస్త తేరుకుంటుంది. నెల రెండు నెలల తర్వాత పరీక్షకు వెళ్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, ‘ఏమీ లేదు’ అని వస్తుంది. అప్పుడు మళ్లీ కొన్ని వారాలపాటు గోధుమ తినిపించి పరీక్ష చేయాలి. కోలుకున్న బిడ్డను తెలిసి తెలిసి జబ్బు పెట్టడమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? అందుకే ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

వైద్యుల మధ్య ఉన్న తగాదా పేగు ముక్క గురించి. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2012లో, మళ్లీ 2020లో మార్చిన సూత్రాల ప్రకారం, యాంటీబాడీలు మామూలు హద్దుకు పది రెట్లు మించి, రెండోసారి తీసిన రక్తంలో వేరే పరీక్ష కూడా అదే చెబితే, గొట్టం వేయకుండానే జబ్బు ఖాయం చేయవచ్చు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2016 మార్గదర్శకాలు పేగు పరీక్ష వైపే మొగ్గాయి. వాటికీ కారణాలున్నాయి. మన దగ్గర వాడే కిట్లన్నీ ఒక్క నాణ్యతవి కావు. ఒకసారి ముద్ర పడితే జీవితాంతపు పథ్యం. అటువైపు వాదానికీ బలముంది. చిన్నపిల్లలకు ఎండోస్కోపీ అంటే డెల్టా పల్లె నుంచి చాలామందికి విశాఖో హైదరాబాదో ప్రయాణం, కూలి పోగొట్టుకోవడం, మత్తుమందు భయం. ఖర్చుకు జంకి పరీక్షే మానుకునే ఇంటికి, పది రెట్లు దాటిన రక్తపరీక్ష చాలనడం న్యాయమని నాకు తోస్తుంది. సరిహద్దు ఫలితాలొచ్చిన పిల్లలకు మాత్రం పేగు ముక్క తప్పదు.

ఇల్లు: రెండు వంటలా, ఒకే వంటా?

‘గోధుమలు మానెయ్యండి’ అని చీటీ మీద రాసిస్తే మన ఇళ్లల్లో అది సగమే అందుతుంది. బొంబాయి రవ్వ గోధుమేనని, మైదా గోధుమేనని, సేమ్యా గోధుమేనని అందరికీ తట్టదు. పేర్లు వేరు కదా! గోధుమ మానేశామని చెప్పే ఇంట్లోనే ఆదివారం పెసరట్టులో ఉప్మా పెడతారు.

అసలైన దొంగ ఇంగువ. బజారులో దొరికే పొడి, ముద్ద ఇంగువల్లో అసలు ఇంగువ కొద్దిగానే ఉంటుంది. మిగతాది జిగురు, పిండి. ఆ పిండి చాలాసార్లు గోధుమది. పప్పులో, సాంబారులో, పులిహోరలో, మాగాయ తాలింపులో చిటికెడు చొప్పున రోజూ పడుతుంది. ఎంత పడితే ప్రమాదమన్నది 2007లో ఇటలీ పరిశోధకులు కొలిచారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే పేగు దెబ్బతింది. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు రెండు గ్రాములుంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు చాలు. ‘ఒక్క ముక్క తింటే ఏమవుద్దండీ’ అన్న మాటకు ఇదే జవాబు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ అని డబ్బా మీద ఉంటే వాడుకోవచ్చు, లేదా ఇంగువ లేకుండా వెల్లుల్లితో తాలింపు పెట్టుకోవచ్చు.

రెండో చిక్కు పిండి మర. గోధుమలు ఆడిన రాళ్ల మధ్యే మన బియ్యమూ ఆడతారు. ముందు కాస్త బియ్యం వేసి తోసేసినా పూర్తిగా పోదు. అరిసెల పిండి ఇంట్లో రోట్లోనో మిక్సీలోనో కొట్టుకోవడమే నమ్మదగినది. పూరీలు వేయించిన నూనె మూకుడులో జంతికలు వేయకూడదు. చపాతీ పెనం మీద ఆ బిడ్డ అట్టు పోయకూడదు.

వంట ఎలా అన్న దగ్గర కుటుంబాలు రెండు దారులు పడుతున్నాయి. బిడ్డ పేరున విడిగా పెనం, గరిటె, డబ్బాలు పెట్టి మిగతావాళ్లు మామూలుగా తినడం ఒకటి. ఇంటిల్లిపాదీ గోధుమ మానడం ఇంకొకటి. మొదటి దారిలో మిగతావాళ్లకు వెసులుబాటు, బిడ్డకు రోజూ తాను వేరన్న గుర్తు. రెండో దారిలో బిడ్డ నిశ్చింతగా ఉంటుంది, కానీ బయటి ప్రపంచంలో జాగ్రత్తపడడం నేర్చుకోదని కొందరి ఆక్షేపణ. దిల్లీలో, పంజాబ్‌లో ఈ ఎంపిక నిజంగా కష్టం. డెల్టాలో అంత కష్టం కాదు. ఇడ్లీ, దిబ్బరొట్టె, పెసరట్టు, బియ్యం రవ్వ ఉప్పిండి, చద్దన్నం, సగ్గుబియ్యం జావ, సున్నుండలు, పాకుండలు, ఇవన్నీ ఈ బిడ్డ కోసం కొత్తగా కనిపెట్టినవి కావు. ఇల్లంతా మానాల్సింది చపాతీ, ఉప్మా, బిస్కెట్, హార్లిక్స్ లాంటి నాలుగైదు వస్తువులే. కనీసం వంటింటి వరకు రెండో దారే మేలు. ఖరీదైన ‘గ్లూటెన్ ఫ్రీ’ పిండి పొట్లాల కోసం అప్పులు చేయనక్కర్లేదు. అయితే తెల్లన్నం ఒక్కటే పెడితే పీచు, ఇనుము, కాల్షియం కరువవుతాయి. రాగులు, పెసలు, మినుములు, మునగాకు, గుడ్డు, చేప ఆ లోటు తీర్చాలి.

మిఠాయిల్లో మన సీమే రెండుగా చీలింది. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ కాజా మైదావి. ఆత్రేయపురం పూతరేకు బియ్యపుది. మధ్యలో బొబ్బట్లు, కజ్జికాయలు మైదా వైపు పోతాయి. పూర్ణం బూరెలు పైతోపులో మైదా కలపనంత వరకు ఈ పిల్లలవే.

ఇంకా సున్నితమైనది ప్రసాదం. అన్నవరం సత్యనారాయణ స్వామి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. ఇళ్లల్లో వ్రతం చేసినా రవ్వ ప్రసాదమే. ప్రసాదం కాదనకూడదని పెద్దల నమ్మకం. ఆ నమ్మకాన్ని తేలిక చేసి మాట్లాడితే నాయనమ్మ మనసు నొప్పించడమే తప్ప బిడ్డకు ఒరిగేదేమీ లేదు. ఆకులోని ప్రసాదం కళ్లకద్దుకుని పక్కవారికిచ్చి, అదే పీట మీద నైవేద్యం పెట్టిన అరటిపండు, కొబ్బరి ముక్క తినవచ్చు. అవీ స్వామికి పెట్టినవే. చర్చిలోనూ ఈ ప్రశ్న ఉంది. కతోలికులకు గ్లూటెన్ అసలే లేని అప్పం చెల్లదని, అతి తక్కువగా ఉన్నది చెల్లుతుందని వాటికన్ 2003లో తేల్చింది. డెల్టాలో ఎక్కువగా ఉన్న లూథరన్, బాప్టిస్టు సంఘాలకు ఆ నియమం వర్తించదు.

బడి: వేరే డబ్బానా, అందరికీ ఒకే గిన్నెనా?

ప్రైవేటు బడి కన్నా ప్రభుత్వ బడిలోనే ఈ బిడ్డకు భద్రత ఎక్కువ. 2024 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తోంది. 1841 నుంచి 1909 వరకు జీవించి, లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన వాళ్లకు కూడా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ భోజనంలో ముఖ్యమైనవి అన్నం, పప్పు, సాంబారు, గుడ్డు, వేరుశనగ చిక్కీ, రాగిజావ. గోధుమ దాదాపు లేదు. చూసుకోవాల్సింది ఇంగువ, సాంబారు పొడి, రాగిపిండి ఎక్కడ ఆడించారన్నది. వంట చేసే అమ్మలకు ఒక పూట కూర్చోబెట్టి చెబితే ఒక బిడ్డ కోసం ప్రత్యేక వంట అక్కర్లేకుండా వంద మంది గిన్నెలోంచే వడ్డించవచ్చు. ఆమె పేరు పెట్టుకున్న పథకంలో ఒక బిడ్డ పక్కన కూర్చుని ఖాళీ చేతులతో చూడాల్సిన అవసరం లేదు.

ప్రైవేటు బడుల్లో దారి వేరు. ఇంటి డబ్బానే దిక్కు. అక్కడ ముప్పు పక్కవాడి పూరీ, పుట్టినరోజు కేకు, స్నేహితురాలు ప్రేమగా సగం విరిచిచ్చిన బిస్కెట్. చిన్న తరగతుల్లో మైదా జిగురుతో కాగితాలు అంటించి అవే వేళ్లు నోట్లో పెట్టుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. టీచరమ్మ దగ్గర వేరుశనగ చిక్కీలో సున్నుండలో ఒక డబ్బా ఉంచితే, కేకు కోసిన రోజున ఈ బిడ్డ చేయీ ఖాళీగా ఉండదు. చిన్న సంగతే, ఆ వయసులో అదే పెద్దది.

చట్టం మాటకొస్తే, ఇటలీలో 2005 నాటి 123వ చట్టం అడిగినవారికి బడి భోజనశాలలో గ్లూటెన్ లేని తిండి పెట్టాలంటుంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులు 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద బడితో రాతపూర్వక ఏర్పాటు చేసుకోగలరు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 స్థితుల్లో ఇది లేదు. కాబట్టి ఇక్కడ అంతా హెడ్మాస్టరు మంచితనం మీద నడుస్తుంది. సరుకుల మీద ముద్ర విషయంలో మాత్రం నియమం ఉంది: కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేనిదాన్నే ‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలి. ఆ ముద్ర పొట్లాలకే. సంతలో తూచి ఇచ్చే పిండికి ఏ ముద్రా ఉండదు.

తేలనివి

అందరు పిల్లలకూ ముందుగానే పరీక్ష చేయాలా? ఇటలీ 2023లో చేయాలని చట్టం చేసింది. అమెరికా నిపుణుల సంఘం 2017లో, లక్షణాల్లేని వారిని పరీక్షించడానికి తగిన ఆధారాలు చాలవంది. డెల్టాకు ఈ రెండూ అతకవు. ఐరన్‌కు లొంగని రక్తహీనత, ఎదగని ఎత్తు, టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలను, రోగి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పరీక్షించడంతో మొదలుపెట్టవచ్చు. దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు 7.5 శాతం మందికి ఈ జబ్బు ఉంటుందని అధ్యయనాలు తేల్చాయి. గోధుమ పసితనంలో ఆలస్యంగా పెడితే జబ్బు రాదా అన్న ప్రశ్నకు 2014లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు రాకుండా ఆపలేమనే జవాబిచ్చాయి. ఓట్స్ సంగతి ఇంకా నలుగుతోంది. శుద్ధమైనవైతే చాలామందికి పడతాయి, గోధుమ కలవనివి దొరకడమే అరుదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పదిహేనేళ్ల వయసు. పదో తరగతి అవగానే డెల్టా పిల్లలు గురుకులాలకో, ఊరు కాని ఊళ్లో ఇంటర్ హాస్టళ్లకో వెళ్లిపోతారు. అక్కడ పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ. పది పన్నెండేళ్లు అమ్మ కాపాడిన పేగు, మెస్‌లో అడగడానికి మొహమాటపడే ఈడులో, స్నేహితుల ముందు వేరుగా కనిపించడం ఇష్టంలేని ఈడులో, ఒంటరిగా మిగులుతుంది. హాస్టల్ మెస్‌లో ఒక చిన్న రైస్ కుక్కరు పెట్టుకోనిస్తారా, ఇంగువ లేని పప్పు ఒక గిన్నెడు పక్కకు తీస్తారా అన్న రెండు చిన్న ప్రశ్నలకు ఇవాళ ఏ నిబంధనలోనూ జవాబు లేదు. చేరే ముందే వార్డెన్‌ను కలిసి అవి అడగాల్సింది ఇప్పటికి తల్లిదండ్రులే.